ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీ ఒకచోట నల్లగా, ఒకచోట తెల్ల అంచుతో, ఒకచోట గళ్ళతో కనిపిస్తోంది: తప్పు ఫైలుదా, సాఫ్ట్‌వేర్‌దా?

శుభలేఖ_డిజైన్

నమస్కారం అందరికీ. పెళ్ళి వీడియో టైటిల్, శుభలేఖ, ఫ్లెక్సీ మూడింటికీ ఒకే బొమ్మలు వాడాలి. నాలుగు పీఎన్‌జీ ఫైళ్ళు వచ్చాయి. నాలుగూ ట్రాన్స్‌పరెంట్ అనే చెప్పారు. ఒక్కొక్కటీ ఒక్కోలా కనిపిస్తోంది.

ఒకటి, వధూవరుల పేర్ల లోగో. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో టైమ్‌లైన్ మీద వేస్తే వెనక అంతా నలుపు.
రెండు, వినాయకుడి బొమ్మ. ఫోటోషాప్‌లో తెరిస్తే బూడిద-తెలుపు గళ్ళు వస్తున్నాయి. కింద ఎరుపు లేయర్ పెట్టినా గళ్ళు పోవడం లేదు.
మూడు, పూల బోర్డర్. బ్రౌజర్‌లో చక్కగా ఉంది. ఫోటోషాప్ 7లో తెరిస్తే రేకుల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి, నీడ మొత్తం పోయింది.
నాలుగు, బంగారు రంగు తెలుగు అక్షరాలు. మెరూన్ మీద పెడితే ప్రతి వొత్తు చుట్టూ సన్నటి తెల్ల గీత.

ఇవి కాక, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7లో ఏది ప్లేస్ చేసినా తెల్ల డబ్బాతో వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

---

ఆల్ఫా_చానెల్

ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులండీ, ఒకే మందు పనిచేయదు. ముందు ఏ ఫైలైనా మూడింటిలో ఏ రకమో తేల్చుకోండి. ఫైల్లో అసలు ట్రాన్స్‌పరెన్సీ లేదా? ఉన్నా సాఫ్ట్‌వేర్ చదవడం లేదా? చదువుతోంది కానీ తప్పు లెక్కతో కలుపుతోందా? ఇది తేలకుండా ఎరేజర్ పట్టుకుంటే గంటల పని వృథా.

పరీక్ష ఇలా చేయండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. అక్కడ బిట్ డెప్త్ అనే అంకె ఉంటుంది.

32 ఉంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా ఒక్కొక్కదానికి 8 బిట్లు. ఆల్ఫా చానెల్‌కు, అంటే ప్రతి పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే అంకెలకు (0 అయితే కనబడదు, 255 అయితే నిండు), చోటుందన్నమాట.
24 ఉంటే మామూలుగా ఆల్ఫా లేనట్టే. ఏదో ఒక్క రంగును మాత్రమే కనిపించకుండా చేసే పాత పద్ధతి 24లోనూ సాధ్యమే, కానీ అలాంటి ఫైళ్ళు అరుదు.
8 ఉంటే అది ఇండెక్స్‌డ్ ఫైలు. 256 రంగుల పట్టిక, పక్కన ఏ రంగు ఎంత పారదర్శకమో చెప్పే మరో చిన్న పట్టిక. మీ మూడో ఫైలు ఇదే అయ్యుంటుందని నా అంచనా.

32 కనిపించినంత మాత్రాన నమ్మకండి. ఆల్ఫా చానెల్ ఉండి, అందులో ప్రతి పిక్సెల్ విలువా 255 ఉంటే బొమ్మ పూర్తిగా నిండుగానే ఉంటుంది. రెండో ఫైలుకు ఆ అవకాశం ఎక్కువ.

రెండో పరీక్ష: ఫైలును బ్రౌజర్‌లోకి లాగి వదలండి. తర్వాత జింప్ అనే బొమ్మల ఎడిటర్‌లో తెరిచి, కింద ముదురు ఆకుపచ్చ లేయర్ ఒకటి పెట్టండి. నలుపు, తెలుపు వద్దు. తెల్ల అంచు తెలుపు మీద, నల్ల అంచు నలుపు మీద కనబడవు. ఆకుపచ్చ మీద రెండూ పట్టుబడతాయి.

---

కాంపోజిటర్_హైద్

మొదటి ఫైలు గురించి. ప్రీమియర్‌లో నలుపు కనిపించడం చాలాసార్లు తప్పే కాదు. ఆ లోగో కింద ట్రాక్‌లో క్లిప్ ఏమీ లేకపోతే ఖాళీ జాగాను ప్రోగ్రామ్ మానిటర్ నలుపుగానే చూపిస్తుంది. మానిటర్ కింద ఉన్న రెంచ్ గుర్తు నొక్కి ట్రాన్స్‌పరెన్సీ గ్రిడ్ ఆన్ చేయండి. గళ్ళు కనిపిస్తే ఫైలు బాగానే ఉంది. లోగోను రెండో వీడియో ట్రాక్‌లోకి జరిపి, కింద వీడియో పెట్టండి చాలు.

గ్రిడ్ ఆన్ చేసినా నలుపే ఉంటే క్లిప్ మీద రైట్ క్లిక్, మోడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్. అక్కడ ఇగ్నోర్ ఆల్ఫా చానెల్ టిక్ ఉంటే తీసేయండి. బొమ్మ పోయి చుట్టూ జాగా మాత్రమే కనిపిస్తుంటే ఇన్వర్ట్ ఆల్ఫా టిక్ పడి ఉంటుంది.

డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్ళకు: మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్, క్లిప్ అట్రిబ్యూట్స్, వీడియో ట్యాబ్‌లో ఆల్ఫా మోడ్. నన్, ప్రీమల్టిప్లైడ్, స్ట్రెయిట్ అని ఉంటాయి. పీఎన్‌జీ ఫార్మాట్ నియమం ప్రకారం అందులో ఉండేది స్ట్రెయిట్ ఆల్ఫా, అంటే రంగును ఆల్ఫాతో గుణించకుండా విడిగా రాసినది. కాబట్టి మొదట స్ట్రెయిట్ పెట్టి చూడాలి.

---

రేఖాచిత్రం

వినాయకుడి బొమ్మలో గళ్ళు బొమ్మలో భాగమే. ఎవరో గళ్ళతో ఉన్న ప్రివ్యూను సేవ్ చేసి ఇచ్చారు. బొమ్మల సైట్లలో వెతుకులాట పేజీలో కనిపించే చిన్న ప్రివ్యూలో గళ్ళు అచ్చువేసి ఉంటాయి. అసలు ఫైలు లోపలి పేజీలో డౌన్‌లోడ్ బటన్ కింద ఉంటుంది. ఏఐతో చేయించిన బొమ్మల్లో కూడా ఇది తరచూ వస్తుంది: ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ కావాలని అడిగితే గళ్ళనే బొమ్మగా గీసి ఇస్తాయి.

గుర్తుపట్టడం తేలిక. ఫోటోషాప్‌లో జూమ్ మార్చండి. నిజమైన ట్రాన్స్‌పరెన్సీ గళ్ళు జూమ్‌తో పెరగవు, తెర మీద ఒకే సైజులో ఉంటాయి. అచ్చువేసిన గళ్ళు బొమ్మతోపాటు పెరుగుతాయి. ఏఐ గీసినవైతే గళ్ళు అన్నీ సమానంగా కూడా ఉండవు, అంచుల దగ్గర వంకరపోతాయి.

మ్యాజిక్ వాండ్‌తో రెండు రంగులూ ఎంచుకుని తీసేయొచ్చు అనుకుంటారు. జేపెగ్ కుదింపు ఒకసారి పడిన బొమ్మ అయితే ఆ బూడిద రంగు ఒకటి కాదు, 203, 204, 206 అంటూ చెదిరి ఉంటుంది. అందులోనూ వినాయకుడి దంతం, పంచె తెలుపే కదా, అవి కూడా కొట్టుకుపోతాయి. నా సలహా: అసలు ఫైలు సంపాదించండి. దొరక్కపోతే పెన్ టూల్‌తో చుట్టూ పాత్ గీసి కత్తిరించండి. ఆ బొమ్మకు పెన్ టూల్‌తో అరగంట పడుతుంది, ఫలితం శుభ్రంగా ఉంటుంది.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది, చెప్పేస్తాను. ఫోటోషాప్‌లో ఎడిట్ > ప్రిఫరెన్సెస్ > ట్రాన్స్‌పరెన్సీ అండ్ గామట్‌లో గ్రిడ్ సైజు నన్ అని ఉంటే, ట్రాన్స్‌పరెంట్ ఫైలు కూడా తెల్లగా కనిపిస్తుంది. ఫైలు మంచిదే, చూపించే సెట్టింగే తేడా.

---

కొత్త_ఎడిటర్

ఒక సందేహం. నా దగ్గర ఒక ఫైలు పేరు చివర పీఎన్‌జీ అనే ఉంది. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పాత ఫోటోషాప్ మాత్రం ఇది పీఎన్‌జీ కాదు అంటోంది. పాడైందా?

---

ఆల్ఫా_చానెల్

పాడవలేదు తమ్ముడూ, పేరు మారింది. ఫైలు కాపీ ఒకటి తీసుకుని నోట్‌ప్యాడ్‌లో తెరువు. అంతా చెత్తచెత్తగా కనిపిస్తుంది, మొదటి వరుస మాత్రం చూడు. నిజమైన పీఎన్‌జీ అయితే మొదటి గుర్తు వదిలి రెండో అక్షరం నుంచే ఇంగ్లిషులో పీఎన్‌జీ అని ఉంటుంది. మొదట్లో ఆర్ఐఎఫ్ఎఫ్, కొంచెం ఆగి వెబ్‌పీ అని ఉంటే అది వెబ్‌పీ ఫైలు. జేఎఫ్ఐఎఫ్ లేదా ఎగ్జిఫ్ కనిపిస్తే జేపెగ్. నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం చేయకు, ఫైలు పోతుంది.

బ్రౌజర్లు పేరు చూడవు, లోపలి గుర్తు చూసి తెరుస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలా పేరును నమ్ముతాయి. అదే తేడా.

వెబ్‌పీలో ఆల్ఫా ఉంటుంది కాబట్టి బెంగ లేదు. జింప్‌లో తెరిచి పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసుకో. జేపెగ్ అయితే అందులో ట్రాన్స్‌పరెన్సీకి చోటే లేదు. పేరు ఎన్నిసార్లు మార్చినా రాదు.

ఇక్కడే ఇంకో మాట. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పీఎన్‌జీ జేపెగ్‌గా మారిపోతుంది, ఆల్ఫా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. టెలిగ్రామ్‌లోనూ అంతే, ఫైలుగా పంపితేనే అసలుది వస్తుంది. కస్టమర్ల నుంచి వచ్చే బొమ్మల్లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు ఇదే పెద్ద కారణం.

---

శుభలేఖ_డిజైన్

చూశాను. లోగో 32, ప్రీమియర్ గ్రిడ్‌లో గళ్ళు కనిపించాయి. కింద ట్రాక్ ఖాళీగా ఉండటమే కారణం. ఒకటి తీరింది.
వినాయకుడి ఫైలు 32 అంటోంది కానీ జూమ్ చేస్తే గళ్ళు పెరుగుతున్నాయి. అసలు ఫైలు అడిగాను.
పూల బోర్డర్ 8 అని ఉంది. బంగారు అక్షరాలు 32, ఆకుపచ్చ మీద కూడా తెల్ల అంచు కనిపిస్తోంది.

---

రేఖాచిత్రం

పూల బోర్డర్ ఇండెక్స్‌డ్ అని తేలిందిగా. దాన్ని ఏదో ఆన్‌లైన్ కుదింపు సైటులో సైజు తగ్గించి ఉంటారు. ఆ పద్ధతి రంగులను 256కు కుదించి, ప్రతి రంగుకూ 0 నుంచి 255 దాకా వేరే ఆల్ఫా విలువ ఇస్తుంది. అంచుల్లో సగం పారదర్శకం, నీడలో పావు పారదర్శకం అన్నీ ఆ పట్టికలోనే ఉంటాయి. బ్రౌజర్లు ఆ పట్టికను పూర్తిగా చదువుతాయి. పాత ఫోటోషాప్ వెర్షన్లు సరిగా చదవవు, కనిపించాలా వద్దా అనే రెండు ముక్కల లెక్కకు దించేస్తాయి. నీడ మాయమై రేకుల అంచు మెట్లుగా మారింది అందుకే.

చేయాల్సింది:
జింప్‌లో ఫైలు తెరవండి. ఇమేజ్ > మోడ్ > ఆర్‌జీబీ నొక్కండి. ఫైల్ > ఎక్స్‌పోర్ట్ యాజ్, పీఎన్‌జీ. వచ్చే పెట్టెలో పిక్సెల్ ఫార్మాట్ ఆటోమేటిక్ మీద వదలకండి, 8 బిట్ల ఆర్‌జీబీఏ ఎంచుకోండి. ఇంటర్‌లేసింగ్ టిక్ తీసేయండి. ఏడు విడతలుగా బొమ్మ వచ్చే ఆ పద్ధతి నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల కోసం పెట్టింది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు దాని దగ్గర తడబడతాయి. ఆ కొత్త ఫైలును ఫోటోషాప్ 7లో తెరవండి.

కుదింపులో పోయిన రంగులు మాత్రం తిరిగి రావు. రేకుల మీద చుక్కలచుక్కలుగా కనిపిస్తే అసలు ఫైలు అడగడమే దారి, ముఖ్యంగా ఫ్లెక్సీకి.

16 బిట్ల పీఎన్‌జీ వస్తే కూడా ఇదే పద్ధతి. కొన్ని ఎడిటర్లు దాన్ని తెరవలేవు, 8 బిట్లకు దించి ఇవ్వండి.

---

కాంపోజిటర్_హైద్

నాలుగోది, తెల్ల అంచు. దీన్ని లెక్కతో సహా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకపోతే ప్రతిసారీ డీఫ్రింజ్ (అంచు పిక్సెళ్ళకు లోపలి రంగు పూసే కమాండ్) నొక్కి అక్షరాల అంచు రంగులు పాడుచేసుకుంటారు.

పిక్సెల్ రంగు (200, 40, 40), ఆల్ఫా 128 అనుకోండి, అంటే దాదాపు సగం. దీన్ని ఫైల్లో రెండు రకాలుగా రాయొచ్చు.

స్ట్రెయిట్: రంగు 200, 40, 40 ఉన్నది ఉన్నట్టే, ఆల్ఫా 128 విడిగా.
ప్రీమల్టిప్లైడ్: రంగును ముందే ఆల్ఫాతో గుణించి రాస్తారు. 200 × 128 ÷ 255 అంటే 100. 40 అలాగే 20 అవుతుంది. ఫైల్లో (100, 20, 20), ఆల్ఫా 128.

తెలుపు మీద పెడితే సరైన జవాబు రెండిట్లోనూ (227, 147, 147). తెలుపు వాటా 127 కలిసింది.

ఇప్పుడు ప్రీమల్టిప్లైడ్ ఫైలును సాఫ్ట్‌వేర్ స్ట్రెయిట్ అనుకుంటే ఇంకోసారి గుణిస్తుంది. 100 కాస్తా 50 అవుతుంది. ఫలితం (177, 137, 137). అంచు చుట్టూ మురికి నల్ల గీత.
స్ట్రెయిట్ ఫైలును ప్రీమల్టిప్లైడ్ అనుకుంటే గుణించకుండానే కలుపుతుంది. 200కు 127 కలిపితే 327, పరిమితి 255 కాబట్టి అక్కడ ఆగిపోతుంది. ఫలితం (255, 167, 167). అంచు వెలిగిపోతుంది.

కాబట్టి నల్ల అంచు, మెరిసే అంచు రెండూ ఒకే అపార్థానికి రెండు వైపులు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఫైలు ఎంచుకుని కంట్రోల్ + ఆల్ట్ + జీ నొక్కితే ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ వస్తుంది. స్ట్రెయిట్ అన్‌మ్యాటెడ్, ప్రీమల్టిప్లైడ్ మ్యాటెడ్ విత్ కలర్ అని రెండూ ఉంటాయి. గెస్ బటన్ ఉంది కానీ మెత్తటి నీడలున్న ఫైళ్ళలో దాని మాట మీద పూర్తిగా ఆధారపడొద్దు. రెండూ మార్చి అంచు చూడండి.

మీ బంగారు అక్షరాలది మూడో రకం. ఎవరో తెల్ల కాగితం మీద ఉన్న అక్షరాలను కత్తిరించారు. అంచు పిక్సెళ్ళలో బంగారంతో పాటు తెలుపు కూడా కలిసిపోయి ఉంది. ఏ ఆల్ఫా సెట్టింగు పెట్టినా ఆ తెలుపు పోదు, రంగులోంచే దాన్ని తీయాలి.

---

ఆల్ఫా_చానెల్

సరిగ్గా చెప్పారు. తీసే పద్ధతి: ఫోటోషాప్‌లో ఆ లేయర్ ఎంచుకుని, లేయర్ > మ్యాటింగ్ > రిమూవ్ వైట్ మ్యాట్. అది చేసే లెక్క తిరగలెక్క: అంచు రంగులోంచి తెలుపు వాటా తీసేసి, మిగిలినదాన్ని ఆల్ఫాతో భాగిస్తుంది. పై ఉదాహరణలో 227 నుంచి 127 తీస్తే 100, దాన్ని సగంతో భాగిస్తే మళ్ళీ 200 దగ్గరికి వస్తుంది. నలుపు మీంచి కత్తిరించిన వాటికి రిమూవ్ బ్లాక్ మ్యాట్.

ఆ తర్వాత కూడా మిగిలితేనే డీఫ్రింజ్, అదీ 1 పిక్సెల్. తెలుగు అక్షరాల్లో తలకట్టు చివర, వొత్తుల లోపలి సందులు చిన్న సైజులో రెండు మూడు పిక్సెళ్ళ వెడల్పే ఉంటాయి. అక్కడ నిండు పిక్సెల్ ఒకటి కూడా ఉండకపోవచ్చు, అంతా అంచే. డీఫ్రింజ్ 2, 3 పెడితే పక్కనున్న రంగు తెచ్చి పూస్తుంది, అక్షరం మీద గ్రేడియెంట్ ఉంటే మచ్చలు పడతాయి.

అక్షరాలన్నీ ఒకే రంగైతే వీటన్నిటికన్నా సులువైన దారి ఉంది. లేయర్స్ ప్యానెల్‌లో లాక్ ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్ నొక్కి, ఆ బంగారు రంగుతో మొత్తం నింపేయండి. ఆల్ఫా చెక్కుచెదరదు, కలిసిన తెలుపు మొత్తం పోతుంది.

జింప్‌లో అయితే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఉన్న అసలు బొమ్మ మీదే కలర్స్ > కలర్ టు ఆల్ఫా, తెలుపు. ఇది అంచులో కలిసిన తెలుపును లెక్కకట్టి తీస్తుంది. కానీ బొమ్మ లోపల లేత రంగులుంటే అవీ పలచబడతాయి. నల్ల సిరా సంతకాలకు, గీతబొమ్మలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ముఖాలకు వద్దు.

---

కొత్త_ఎడిటర్

అన్నా, నా ఫైలు స్ట్రెయిట్, సెట్టింగూ స్ట్రెయిట్. అసలు సైజులో అంచు శుభ్రంగా ఉంది. చిన్నది చేస్తే మాత్రం నల్ల గీత వస్తోంది. ఇదెలా?

---

కాంపోజిటర్_హైద్

మంచి ప్రశ్న. పూర్తిగా కనిపించని పిక్సెల్‌కు కూడా ఫైల్లో ఒక రంగు రాసి ఉంటుంది. ఆల్ఫా 0 కాబట్టి మనకు కనబడదు. చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడ నలుపు, కొన్ని తెలుపు రాస్తాయి. సైజు తగ్గించేటప్పుడు పక్కపక్క పిక్సెళ్ళ సగటు తీస్తారు. స్ట్రెయిట్ రంగుల మీద నేరుగా సగటు తీస్తే ఆ దాగిన నలుపు అంచులోకి వచ్చేస్తుంది. ముందు గుణించి, తర్వాత సగటు తీసి, మళ్ళీ భాగిస్తే రాదు, ఎందుకంటే ఆల్ఫా 0 ఉన్న పిక్సెల్ వాటా సున్నా అయిపోతుంది. సరైన ఎడిటర్లు ఇలాగే చేస్తాయి. కొన్ని మొబైల్ యాప్‌లు, గేమ్ టెక్స్చర్ పనులు ఇలా చేయవు.

విరుగుడు: అంచు రంగునే బయటికి పూసి ఉంచడం. ఫోటోషాప్‌లో లేయర్ కాపీ కింద పెట్టి, కాపీకి గాసియన్ బ్లర్ 2 పిక్సెళ్ళు ఇచ్చి, ఆ కాపీని పదిసార్లు డూప్లికేట్ చేసి కలిపితే అంచు చుట్టూ అదే రంగు నిండుగా వస్తుంది. అసలు బొమ్మ ఆల్ఫాను లేయర్ మాస్క్‌గా వేసి కత్తిరించాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు దాగిన రంగు నిలవాలంటే జింప్‌లో సేవ్ కలర్ వాల్యూస్ ఫ్రమ్ ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్ టిక్ ఉండాలి. లేకపోతే పూసినదంతా సేవ్ చేసేటప్పుడు తుడిచిపెట్టుకుపోతుంది. యూనిటీలో చేసేవాళ్ళకు టెక్స్చర్ ఇంపోర్ట్ సెట్టింగుల్లో ఆల్ఫా ఈజ్ ట్రాన్స్‌పరెన్సీ అనే టిక్ ఈ పూత పనే చేస్తుంది.

ఇదే కారణంతో ఆల్ఫా చదవని వ్యూయర్లలో ఒకే ఫైలు ఒకచోట నల్లగా, వేరే ఫైలు తెల్లగా కనిపిస్తుంది. ఆల్ఫాను వదిలేస్తే దాగిన రంగు బయటపడుతుంది.

---

పేజ్‌మేకర్_పాతకాపు

పేజ్‌మేకర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతాను. అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు ఇంకా పేజ్‌మేకర్ 7లోనే కట్టే డీటీపీ సెంటర్లు చాలా ఉన్నాయి. 2001 నాటి సాఫ్ట్‌వేర్ అది, పీఎన్‌జీ ఆల్ఫాను పట్టించుకోదు. మెత్తటి ట్రాన్స్‌పరెన్సీ అనే ఆలోచనే దానికి లేదు. అందులో పనిచేసేది క్లిప్పింగ్ పాత్, అంటే బొమ్మను కత్తిరించే గీత, ఒక్కటే.

ఫోటోషాప్‌లో బొమ్మను సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగులు) చేసి 300 డీపీఐలో పెట్టండి. పెన్ టూల్‌తో చుట్టూ పాత్ గీయండి, అంచుకు ఒక పిక్సెల్ లోపలికి. పాత్స్ ప్యానెల్‌లో వర్క్ పాత్ మీద డబుల్ క్లిక్ చేసి పేరు ఇవ్వండి. పేరు లేని పాత్ క్లిప్పింగ్‌కు పనికిరాదు. ప్యానెల్ మెనూలో క్లిప్పింగ్ పాత్ ఎంచుకోండి. ఫ్లాట్‌నెస్ ఖాళీగా వదిలితే ప్రింటర్ సొంత విలువ తీసుకుంటుంది. ఇవ్వాలంటే 300 నుంచి 600 డీపీఐ లేజర్‌కు 1 నుంచి 3, ఇమేజ్‌సెట్టర్ 1200 పైన అయితే 8 నుంచి 10. అచ్చు కోసం వాడే ఫోటోషాప్ ఈపీఎస్ ఫైలుగా సేవ్ చేసి, ప్రివ్యూ టిఫ్ 8 బిట్లు పెట్టండి.

పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేశాక తెర మీద ఇంకా తెల్ల డబ్బా కనిపించొచ్చు. అది ప్రివ్యూ మాత్రమే, కంగారు పడకండి. అసలు పరీక్ష ప్రింట్‌లోనే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కు వివరించే భాష) లేని ప్రింటర్‌కు పంపితే ఈపీఎస్ స్థానంలో ఆ మోటు ప్రివ్యూనే అచ్చవుతుంది, తెల్ల డబ్బాతో సహా. పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో ఫైలుగా ప్రింట్ చేసి, డిస్టిలర్‌లో పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఏ ప్రింటర్‌కైనా పంపండి.

నీడలు, పొగ, మెత్తటి అంచులు క్లిప్పింగ్ పాత్‌తో రావు, కత్తితో కోసినట్టే వస్తుంది. అవి కావాలంటే బ్యాక్‌గ్రౌండ్‌నూ బొమ్మనూ ఫోటోషాప్‌లోనే కలిపేసి ఒకే టిఫ్‌గా ప్లేస్ చేయండి. పేజ్‌మేకర్‌లో అక్షరాలు మాత్రం కట్టుకోండి. శుభలేఖకు ఇదే నమ్మకమైన దారి.

---

ఫ్లెక్సీ_ప్రింట్

ఫ్లెక్సీ వైపు కొన్ని మాటలు.

పీఎన్‌జీలో సీఎంవైకే ఉండదు, ఆర్‌జీబీ, గ్రే మాత్రమే. అందుకే ప్రింటింగ్‌కు ఆఖరి ఫైలుగా పీఎన్‌జీ పంపకండి. లేయర్లతో, ట్రాన్స్‌పరెన్సీతో ఉన్న టిఫ్ కూడా పంపకండి. టిఫ్‌లో నాలుగు రంగుల పక్కన అదనపు చానెల్ ఉంటే, అది ప్రీమల్టిప్లైడా, స్ట్రెయిటా, మరేదైనానా అని చెప్పే ట్యాగు ఒకటి ఉంటుంది. రిప్ సాఫ్ట్‌వేర్ (ఫైలును ప్రింటర్ అచ్చువేసే చుక్కలుగా మార్చేది) ఆ ట్యాగును పట్టించుకోకపోతే ఫైలు తెరవదు, లేదా అంచులు చెడతాయి. ఫ్లాటెన్ చేసి, అంటే లేయర్లన్నీ ఒకటిగా కలిపి, పంపితే ఏ గొడవా లేదు. 10 అడుగులు × 8 అడుగులు, 72 డీపీఐ అంటే 8640 × 6912 పిక్సెళ్ళు. ఆ సైజులో ఫ్లాటెన్ చేసిన టిఫ్ చాలు.

ఫ్లాటెన్ చేసే ముందు ఒక తనిఖీ తప్పనిసరి. కత్తిరించిన బొమ్మల చుట్టూ ఆల్ఫా 2, 3, 5 విలువలతో కనిపించని చెత్త మిగిలి ఉంటుంది. కంప్యూటర్ తెర మీద కనబడదు. ఫ్లెక్సీ మీద ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్‌లో మబ్బుమబ్బుగా తేలుతుంది. ఆ లేయర్‌కు లేయర్ స్టైల్‌లో స్ట్రోక్, 5 పిక్సెళ్ళు, మెరిసే ఎరుపు పెట్టండి. చెత్త ఉన్నచోటల్లా ఎర్ర చుక్కలు లేస్తాయి. అవన్నీ ఎంచి చెరిపి, స్ట్రోక్ తీసేయండి. జింప్‌లో కలర్స్ > లెవెల్స్, చానెల్ ఆల్ఫా ఎంచుకుని ఇన్‌పుట్ కింది విలువ 10 ఇస్తే ఒక్క దెబ్బకు పోతాయి. నీడలున్న బొమ్మకైతే 10 ఎక్కువ, 4 చాలు. జింప్‌లో అంకెలు 100 లెక్కలో కనిపిస్తుంటే పైనున్న బటన్‌తో 255 లెక్కకు మార్చుకోండి.

కోరల్‌డ్రాలో పీఎన్‌జీ ట్రాన్స్‌పరెన్సీ బాగానే వస్తుంది. పీడీఎఫ్ తీసేటప్పుడే తేడా. పీడీఎఫ్‌లో నిజమైన ట్రాన్స్‌పరెన్సీ 1.4 వెర్షన్ నుంచే ఉంది. 1.3 కానీ, ప్రింటింగ్ కోసం ఉన్న పీడీఎఫ్ ఎక్స్-1ఏ రకం కానీ ఎంచుకుంటే బొమ్మను ముక్కలుగా కోసి కలుపుతుంది, ఆ కుట్ల దగ్గర సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. ఆక్రోబాట్‌లో 400 శాతం, 1600 శాతం జూమ్ చేసి చూడండి. ఎంత జూమ్ చేసినా గీత మందం మారకపోతే అది తెర మీద చూపించే లోపమే, అచ్చులో రాదు. జూమ్‌తో గీత పెరిగితే నిజంగానే ఉంది. ప్రెస్ ఒప్పుకుంటే ఎక్స్-4 తీయండి, అందులో ట్రాన్స్‌పరెన్సీ కోయకుండా అలాగే ఉంటుంది.

---

శుభలేఖ_డిజైన్

రిమూవ్ వైట్ మ్యాట్‌తో తొంభై శాతం పోయింది. అక్షరాలు ఒకే బంగారు రంగు కాబట్టి లాక్ చేసి నింపాను, ఇప్పుడు మెరూన్ మీద శుభ్రంగా ఉన్నాయి. పూల బోర్డర్ జింప్ ద్వారా మార్చాక ఫోటోషాప్ 7లో నీడతో సహా వచ్చింది.

ఇంకొక్క తేడా మిగిలింది. అదే బోర్డర్ నీడ ఫోటోషాప్‌లో చిక్కగా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పలచగా ఉంది. ఆల్ఫా సెట్టింగు రెండు రకాలుగానూ చూశాను, మారలేదు.

---

కాంపోజిటర్_హైద్

అది ఆల్ఫా తప్పు కాదండీ, కలిపే లెక్క తేడా. సగం పారదర్శకమైన నలుపును తెలుపు మీద మామూలు పద్ధతిలో కలిపితే 128 వస్తుంది. వెలుతురు లెక్కలో, అంటే లీనియర్‌గా కలిపితే 188 వస్తుంది. అందుకే నీడ పలచబడినట్టు ఉంటుంది, తెల్ల అక్షరాలు నల్లదాని మీద లావైనట్టు కనిపిస్తాయి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఫైల్ > ప్రాజెక్ట్ సెట్టింగ్స్ > కలర్. బ్లెండ్ కలర్స్ యూజింగ్ 1.0 గామా, లీనియరైజ్ వర్కింగ్ స్పేస్ రెండూ చూడండి. ఏది ఆన్‌లో ఉన్నా తీసేస్తే ఫోటోషాప్‌తో కలుస్తుంది. ప్రాజెక్టులో వేరే లైట్ ఎఫెక్టులకు లీనియర్ అవసరమైతే తీయొద్దు, బోర్డర్ నీడను విడి లేయర్‌గా తెచ్చుకుని దాని ఒపాసిటీ పెంచుకోండి. ఫోటోషాప్‌లోనూ కలర్ సెట్టింగ్స్‌లో బ్లెండ్ ఆర్‌జీబీ కలర్స్ యూజింగ్ గామా అనే టిక్ ఉంటుంది, అది తీసి ఉందో లేదో చూడండి.

టైటిల్ ఎక్స్‌పోర్ట్ చేసి వేరేవాళ్ళకు ఇచ్చేట్టయితే హెచ్.264 వద్దు, అందులో ఆల్ఫా ఉండదు. ఆల్ఫా ఉండే వీడియో ఫార్మాట్ ప్రోరెస్ 4444 తీయండి; ప్రోరెస్ 422లో కూడా ఆల్ఫా లేదు. అవుట్‌పుట్ మాడ్యూల్‌లో చానెల్స్ ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫా, కలర్ దగ్గర స్ట్రెయిట్. ఫైలు పేరులోనే స్ట్రెయిట్ అని రాసి పంపండి.

---

శుభలేఖ_డిజైన్

1.0 గామా టిక్ ఆన్‌లో ఉంది. తీశాను, నీడ రెండుచోట్లా ఒకేలా ఉంది. వినాయకుడి అసలు ఫైలు కూడా డాక్యుమెంట్‌గా వచ్చింది, కింద ఆకుపచ్చ పెట్టి చూశాను, అంచు శుభ్రం. స్ట్రోక్ పరీక్షలో తొండం పక్కన నాలుగు చుక్కలు లేచాయి, చెరిపేశాను. శుభలేఖ ఈపీఎస్ డిస్టిలర్ ద్వారా తీసి రేపు ప్రూఫ్ కొట్టిస్తాను.